ఒకే ఇంటి నెత్తురు

బస్సు దిగి పరుగెత్తినా ఆలస్యమైపోయిందనుకున్నాడు రాజలింగు. మందమర్రి గని కార్మికుల వాడలో మేనత్త ఎల్లక్క ఇంటి ముందు జనం మూగారు. మధ్యలో ఎల్లక్క కూలబడి ఉంది. ఎదురుగా రాజలింగు చిన్నాన్న కొడుకు బుచ్చిరాములు. ఒక చేతిలో పటకారు, రెండో చెయ్యి పొట్టను అదుముకుని ఉంది.

రాజలింగు బాపు నలభై దాటగానే కడుపు జబ్బుతో పోయాడు. నిరుడు అన్న రాయమల్లు అదే బాధతో పోయాడు. ఇప్పుడు రాజలింగుకూ దొడ్డికి పోతే నెత్తురు పడుతోంది. భర్త లేని ఎల్లక్కే మంత్రాలు చేస్తోందని వాడంతా తేల్చేసింది. మంత్రగత్తె నోట్లో పండ్లు పీకేస్తే మంత్రం పారదట.

"పటకారు కింద పెట్టు, తమ్మీ," అన్నాడు రాజలింగు రొప్పుతూ. "పొద్దుగాల కరీంనగర్ల డాక్టర్‌కు సూపిచ్చుకున్న. గిది మంత్రం కాదట. పేగులల్ల గడ్డలు. ఆలస్యమైతే క్యాన్సర్. మన ఇంటి నెత్తురులనే ఉన్నదట. ఈ ఇంట్ల పుట్టినోళ్లందరు హైదరాబాద్ పోయి గొట్టమేసి సూపిచ్చుకోవాలె. ముందుగాల దొరికితే తీసేస్తరు."

బుచ్చిరాములు నవ్వాడు. "నెత్తురులుంటే గీమె గూడ గా ఇంట్ల పుట్టిందే గద. అందర్ని పట్టింది గీమెనెందుకు పట్టలే?"

జనం ఔనన్నారు. ఇద్దరు వచ్చి ఎల్లక్క దవడలు పట్టుకున్నారు.

ఆమె విదిలించుకుంది. "పట్టింది, కొడుకా. ఏడాది సంది నెత్తురు పోతున్నది. చెప్తే మంత్రం తిరగబడ్డదంటరని నోరు మూసుకున్న. మంచం కింద గంప సూడుండ్రి."

రాజలింగు గంప తెచ్చి కుమ్మరించాడు. నిండా ఎర్రటి మరకల గుడ్డలు.

ముందు ఆడవాళ్లు తలలు దించుకుని జారుకున్నారు. వెనకే మగవాళ్లు. బుచ్చిరాములు మాత్రం కదల్లేదు. పటకారు చేతిలోంచి జారిపడింది.

"అన్నా," అన్నాడు మెల్లగా, "గా డాక్టర్ ఏ దినం కూసుంటడు?"

రాజలింగు అతని పొట్ట మీది చెయ్యి వైపు చూశాడు. "ఎప్పటి సంది?"

"వానకాలం సంది. అత్త పండ్లు పీకితే తక్కువైతదనుకున్న."

ఎల్లక్క లేచి పటకారు తీసి అతని చేతిలో పెట్టింది. "గిది ఇంట్ల పెట్టి రా, కొడుకా. ముగ్గురం ఒక్క బస్సుకే పోదాం."

హైదరాబాద్‌లో రాజలింగు పేగుల్లోని గడ్డలు తీసేశారు. మిగతా ఇద్దరికీ పొట్ట కోసి, చూసి, ఏమీ తీయకుండా అట్లాగే కుట్టేశారు.