మున్సిపాలిటీ వరండాలో నవారు మంచం

నేను ఒక నవారు మంచాన్ని. ఇనుప గొట్టాల ఒళ్ళు, మధ్యకు మడిస్తే గోడవారన ఒదిగిపోయే స్వభావం. గోదావరి కాలవ పక్కన ఒక పట్టణంలో, లాకుల దగ్గరి వెల్డింగు షెడ్డులో పుట్టాను. నన్ను అతికినవాడు మధ్యాహ్నం అన్నం తిని నా మీదే కాసేపు నడుం వాల్చి, "బానే ఆగింది" అని లేచాడు. నా పుట్టుకకు జరిగిన వేడుక అంతే.

మొదట నన్ను కొన్నది ఒక రైల్వే గార్డు. వేసవిలో డాబా మీద, చలికాలంలో వసారాలో చాలా ఏళ్ళు నా మీద గురకపెట్టాడు. కూతురి పెళ్ళికి ఇంట్లోకి డబుల్ కాట్ వచ్చింది. మర్నాడే నేను పాత సామాన్ల కొట్టుకు చేరాను. మనుషులు దేన్నయినా ఏళ్ళ తరబడి వాడి ఒక్క పూటలో మరిచిపోగలరని అప్పుడే తెలుసుకున్నాను.

అక్కడినుంచి నన్ను నెత్తిమీద మోసుకెళ్ళినవాడు వీర్రాజు. బియ్యం మార్కెట్లో బస్తాలు మోసే మనిషి. తల్లి అప్పయమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క మొత్తం పడిపోయింది. ఆమె కోసమే నేను. ఆ తరవాతి ఏడు లారీలోంచి బస్తాలు మీద పడి వీర్రాజు పోయాడు. ఇంట్లో మిగిలింది మంచంలో అప్పయమ్మ, మంచం చుట్టూ తిరిగే కోడలు నూకరత్నం. పిల్లలు లేరు. నూకరత్నం పుట్టింటికి పోతుందని వీధంతా అనుకుంది. ఆమె పోలేదు. హోటల్లో పప్పు రుబ్బి, అంట్లు తోమి వచ్చేది. వచ్చాక అత్తకు ఒళ్ళు తుడిచి, చీర మార్చి, ముద్దలు కలిపి పెట్టేది. ఇద్దరూ ప్రేమగా మాట్లాడుకున్నది నేను ఎన్నడూ వినలేదు.

"కారం ఎక్కువైంది."

"నాలిక్కి పక్కవాతం రాలేదన్నమాట. తినత్తా."

ఇలాగే రోజులు నడిచేవి.

వాళ్ళది కాలవగట్టున వరసగా కట్టిన పెంకుటిళ్ళలో ఒక అద్దె వాటా. ఒక ఏడు ముసురు పట్టి వెనకవైపు గోడ కూలింది. మున్సిపాలిటీవాళ్ళు వచ్చి చూసి, ముందు గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద అడ్డగీతలు గీశారు. "ఇది ఎప్పుడైనా పడిపోద్ది. ఖాళీ చేసెయ్యండి" అన్నారు. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. గోడల్లోంచి మట్టి రాలే చప్పుడు నాకూ వినిపిస్తూనే ఉంది. అయితే బయటికి పొమ్మన్నవాళ్ళు ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పలేదు. అది ఇంకో సెక్షను పనిట.

ఇంటిగలాయన కొడుకు భాస్కరానికి ఆ ఎర్ర గీతలు పండగలా ఉన్నాయి. అక్కడ షాపులు కట్టాలని ఆయన ఆశ. మిగతా వాటాలవాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకున్నారు. ఖాళీ అయిన వాటా పైనుంచి ఆయన మనుషులు పెంకులు దింపేసేవారు.

నూకరత్నం అద్దె ఇంటి కోసం తిరగని సందు లేదు. అందరూ మొదట బాగానే మాట్లాడేవారట. ఎవరెవరు ఉంటారని అడిగేదాకానే ఆ బాగు. మంచంలో ఉన్న మనిషి అనగానే మొహాలు మారిపోయేవి. చివరికి హోటల్లో తోటి పనామె కూడా అంది: "ఏవనుకోకు రత్నం. ముసలమ్మ మా ఇంట్లో పోయిందనుకో, నచ్చత్రం మంచిది కాకపోతే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టుకోవాలి. పిల్లలు గలోళ్ళం."

నూకరత్నం ఇంటికి వచ్చి నా పట్టె మీద కూర్చుని ఆ మాట దాచకుండా చెప్పింది. అప్పయమ్మ కాసేపు వాసాల వైపు చూసింది.

"ఎల్లి సెప్పవే, నేను సావనని."

"సెప్పాను. నమ్మలేదు."

తరవాత ఆమె మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్ళింది. ఇళ్ళు లేనివాళ్ళ కోసం ఊళ్ళో ఒక షెల్టర్ ఉందని ఎవరో చెప్పారు. తిరిగి వచ్చాక అక్కడి గుమస్తా మాటలు అత్తకు ఆయన గొంతుతోనే వినిపించింది.

"షెల్టరు ఇల్లు లేనోళ్ళకమ్మా. నీకు ఇల్లుంది కదా?"

"కూలిపోద్దని మీరే గీతలు గీశారు కదండి."

"కూలిందా?"

"ఇంకా లేదండి."

"మరి!"

పైగా షెల్టర్లో చేరేవాళ్ళు తమ పని తాము చేసుకోగలగాలట. మంచాన పడినవాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళాలట. ఆసుపత్రివాళ్ళేమో ఇది నయమయ్యే రోగం కాదు, ఇంట్లో ఉంచి చూసుకోమని ఏనాడో పంపేశారు.

"అయితే కూలేదాకా ఉందామే" అంది అప్పయమ్మ, వంకర నోటితో నవ్వుతూ. నూకరత్నం నవ్వలేదు. ఆ వేళ అత్తకు అన్నం పెడుతూ ఆమె గోడ పగుళ్ళ వైపే చూసింది. ఒక ముద్ద నా నవారు మీద పడింది.

ఒక పొద్దున్న ఆమె హోటల్లో ఉండగా నెత్తిన పెంకులు కదిలాయి. మా వాటా మీదికే ఎక్కారు. వెలుతురు ఒక్కసారిగా లోపలికి పడింది. ఎన్నో ఏళ్ళ దుమ్ము అప్పయమ్మ కళ్ళలో, నోట్లో పడింది. దులుపుకోవడానికి ఆమెకు ఒక చెయ్యే ఉంది. పైనున్న కూలీ తొంగిచూసి ఆగిపోయాడు.

"అయ్యా, ఇక్కడ ముసలమ్మ ఉందండి!"

కిందనుంచి భాస్కరం గొంతు వినిపించింది. "ఆవిడ మీద పడకుండా, ఆ పక్కనుంచి తియ్యండి."

ఆయన మాట ప్రకారమే తీశారు. నూకరత్నం వచ్చేసరికి ఇంటి మీద కప్పు లేదు. సరిగ్గా నా కొలతకు మాత్రం, నా నెత్తిన, కాసిని పెంకులు మిగిలాయి. మనుషుల దయకు కూడా కొలతలుంటాయి.

ఆమె ఏడవలేదు. అత్త మొహం కడిగింది. తల దువ్వింది. బీరువాలోంచి ఉతికిన చీర తీసి కట్టింది. వీధిలోకి వెళ్ళి తొక్కుడు రిక్షా బండిని పిలిచింది. అత్తతో సహా నన్ను ఎత్తి బండి మీద పెట్టించింది.

"ఎక్కడికే?"

"ఆఫీసుకి. ఇల్లు కూలితే రమ్మన్నారుగా."

అది సోమవారం, జనం గోడు చెప్పుకునే రోజు. వరండా నిండా మనుషులున్నారు. కాపలాదారు చెయ్యి అడ్డంపెట్టాడు.

"మంచాలు లోపలికి తేకూడదు."

"మంచం కాదు బాబూ. మనిసి."

వరుసలో నిలబడ్డవాళ్ళే జరిగి దారి ఇచ్చారు. ఇద్దరు నా కాళ్ళు పట్టి వరండా మధ్యలో దింపారు. గదుల్లోంచి ఒక్కొక్కరే వచ్చి చూసి లోపలికి వెళ్ళారు. చివరికి కమిషనర్ వచ్చారు.

"ఇదేంటమ్మా, ధర్నానా?"

"ధర్నా అంటే నాకు తెల్దండి. గీతలు గీసి పొమ్మన్నారు. షెల్టర్ అడిగితే ఇల్లుందన్నారు. ఇయ్యాల కప్పు పీకేశారు. ఇప్పుడు మాకు ఇల్లున్నట్టా, లేనట్టా? అదొక్కటి సెప్పండి, ఎల్లిపోతాం."

ఆయన తన వెనకే వచ్చిన ఇంజనీరు వైపు చూశారు. ఇంజనీరు గోడ గడియారం వైపు చూశాడు. ఇంతలో మహిళా సంఘాల పని చూసే ఉద్యోగిని ఎస్తేరు రాణి జనాన్ని తప్పించుకుంటూ వచ్చింది. నా పక్కన గొంతుక్కూర్చుని, "పొద్దున్న ఏం తిన్నావు మామ్మా?" అని అడిగింది.

"దుమ్ము" అంది అప్పయమ్మ.

ఎస్తేరు లేచి కమిషనర్‌కు ఎదురుగా నిలబడింది. "ఖాళీ చెయ్యమంది మనమేనండి. ఎక్కడికో కూడా మనమే చెప్పాలి కదండి."

"రూల్లో..."

"రోడ్డు మీద పెట్టమని కూడా రూల్లో లేదండి."

ఆయన వంగి నా మీదున్న మనిషిని చూశారు. చెడ్డవాడు కాదు. ఆ కుర్చీలో ఉన్నవాడికి ఊరంతా ఒకే మంచం మీద వచ్చి పడుకున్నట్టు అనిపించి ఉంటుంది. ఆ సాయంత్రానికి వార్డు కమ్యూనిటీ హాలు వెనక, షామియానా కర్రలు పెట్టే గది మాకు ఇచ్చారు. తాత్కాలికం అన్నారు. కుళాయి ఉంది. తలుపుకు గడియ ఉంది. అప్పయమ్మ ఆ గడియ వేయించి, తీయించి, మళ్ళీ వేయించి చూసుకుంది.

అక్కడ ఆమె రోజురోజుకూ తగ్గిపోయింది. ముద్ద దిగడం మానేసింది. అప్పుడే ఆ హాల్లో ఒక పెళ్ళి కుదిరింది. వార్డు పెద్ద ఒకాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆవిడికి బాగోలేదంట కదా. పెళ్ళి ఇంట్లో అశుభం జరక్కూడదు. ఈ రెండ్రోజులు బయట షెడ్డులో పెట్టమ్మా."

నూకరత్నం తలుపుకు అడ్డంగా నిలబడింది. "మా అత్తని ఇప్పటికే ఒక ఇంట్లోంచి తోలేశారండి. ఇంకోసారి తోలాలంటే నన్ను తొక్కుకుని ఎల్లండి."

ఎస్తేరు వచ్చి ఆయనకు నచ్చజెప్పింది. పెళ్ళినాడు సెలవు పెట్టి మరీ వచ్చి కాసేపు గుమ్మంలో కూర్చుని వెళ్ళింది. హాల్లో సన్నాయి మొదలైంది. అప్పయమ్మ కళ్ళు తెరిచి, "పెళ్ళికూతురు ఎలాగుందే?" అని అడిగింది.

నూకరత్నం తలుపు సందులోంచి చూసింది. "పొట్టిగా ఉంది. బాగుంది."

"బాగుండాలి" అంది అప్పయమ్మ. అవే ఆఖరి మాటలు. డోలు జోరందుకుంది. తాళి కడుతున్నారని అరుపులు వినిపించాయి. మనిషి పోయాక బరువు మారుతుందంటారు. నాకేమీ తేడా తెలియలేదు. కాళ్ళు పిసుకుతున్న నూకరత్నం చేతులు ఆగినప్పుడే తెలిసింది.

ఆమె అరవలేదు. నోట్లో కొంగు కుక్కుకుంది. భోజనాలయ్యాయి. ఎవరో తలుపు తట్టి ఆకులో పులిహోర, లడ్డూ ఇచ్చి వెళ్ళారు. ఆమె అందుకుంది. పెళ్ళివాళ్ళ ఆఖరి బండి కదిలేదాకా ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ తరవాతే తలుపు తీసి ఏడ్చింది.

గది వెనక్కు తీసుకున్నారు. నూకరత్నానికి షెల్టర్లో చోటు దొరికింది. ఇల్లు లేదు, తోడు లేదు, తన పని తాను చేసుకోగలదు. ఇప్పుడామె రూలుకు సరిగ్గా సరిపోయింది. అక్కడే వంట పని కూడా ఇచ్చారు. నన్ను మాత్రం రానివ్వలేదు. మున్సిపాలిటీ యార్డులో, విరిగిన చెత్తబళ్ళకూ పగిలిన వీధిదీపాలకూ మధ్య పడేశారు. వానకు నవారు నాని సాగింది. కీళ్ళకు తుప్పు పట్టింది.

ఒక పొద్దున్న ఎస్తేరు, నూకరత్నం యార్డుకు వచ్చారు. బస్టాండులో కొడుకులు వదిలేసిపోయిన ఒక ముసలాయన్ని షెల్టర్‌కు తెచ్చారట. లేవలేడు. ఆయన పనులు తాను చేస్తానని నూకరత్నం పూచీ పడితే ఉండనిచ్చారు. అక్కడున్నవన్నీ ఎత్తు మంచాలు, ఒకదాని మీద ఒకటి. ఆయనకు పనికిరావు.

"తుక్కులో చేరిపోయింది. వేలం వేస్తేగానీ ఇవ్వకూడదు" అన్నాడు యార్డు చూసే ఉద్యోగి, కుర్చీలోంచే.

నూకరత్నం ఆయనతో వాదించలేదు. నన్ను మడిచి ఒక కొస ఎత్తింది. ఎస్తేరు ఒక్క క్షణం తటపటాయించి, చెప్పులు సరిచేసుకుని రెండో కొస పట్టింది. గేటు దాకా నడిచారు. ఆపాలంటే ఆయన లేవాలి. లేవలేదు.

షెల్టర్లో నన్ను కిటికీ పక్కన వాల్చి, నవారు బిగించి, దుప్పటి పరిచారు. ముసలాయన్ని పడుకోబెట్టే ముందు నూకరత్నం ఆగింది.

"మా అత్త దీని మీదే పోయిందండి. మీకు పట్టింపు ఉంటే ఇప్పుడే సెప్పండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నాకింకా పట్టింపులేంటమ్మా" అన్నాడు. మళ్ళీ తనే చిన్న గొంతుతో అడిగాడు. "ఉత్తరం ఎటు?"

నూకరత్నం నన్ను పట్టుకుని తల వైపు తూర్పుకు తిప్పింది.