పెట్రోలు మూతకు బొట్టు

మా పాత మారుతి వ్యాను తాళం తిప్పగానే స్టార్టవుతుంది. ఊరు దాటి కోస్గి రోడ్డెక్కాక, ఏ పత్తి చేను పక్కనో ఆగిపోతుంది. దాన్ని పెళ్ళిళ్ళకూ దవాఖానకూ కిరాయికి తిప్పే మా బాపు దశరథ్‌ను దసరా నుంచి ఎవరూ పిలవడం లేదు.

కోస్గి మెకానిక్ ఇద్రీస్ ప్లగ్గులు మార్చాడు, ఫిల్టరు మార్చాడు. షెడ్డు ముందు నిలబెట్టి చూస్తే బాగానే ఆడేది. రోడ్డు మీద మళ్ళీ అదే కథ. చివరికి బండిని విడి సామాన్ల కోసం విప్పుకోమని అతనికే ఇచ్చేసి, తాను ఒక సేటు లారీ మీద డ్రైవరుగా పోతానన్నాడు బాపు. లారీ మీద పోయినవాళ్ళు నెలల తరబడి ఇంటికి రారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మా అవ్వ సుక్కమ్మ మాత్రం బండికి దిష్టి తగిలిందంటుంది. దసరా పూజలో పెట్టిన బొట్లు చాలలేదని, బండి ఆగిన ప్రతిసారీ అద్దానికి, చక్రాలకు, పెట్రోలు మూతకు పసుపు దట్టంగా మెత్తుతుంది.

బండి అప్పగించే రోజు ఇద్రీస్ బస్సులో మా ఊరికి వచ్చాడు. బాపు పక్కన అతను, వెనక అవ్వా నేనూ కూర్చున్నాం. ఊరు దాటగానే బండి ఆగింది.

మా బండిలో పెట్రోలు చూపే ముల్లు పనిచేయదు. అందుకే ఆగినప్పుడల్లా నేను దిగి, మూత తీసి, పైపు ముక్క దించి చూస్తాను. ఆ రోజు ఏడుపు ఆపుకుంటూ లోపలే కూర్చున్నాను, దిగలేదు.

"జర సల్లబడనీ," అన్నాడు బాపు. చల్లబడింది. తాళం తిప్పాడు. స్టార్టు కాలేదు. ఇదివరకైతే కాసేపాగి తిప్పితే స్టార్టయ్యేది.

"పో బిడ్డా, పెట్రోలు సూడు."

దిగి మూత తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. ఆ చప్పుడు ప్రతిసారీ వినేదే. కానీ అప్పుడే నాకు తట్టింది, నేను మూత తీశాకే బండి నడుస్తోంది.

బాపు కిటికీ దగ్గరకు పోయి మెల్లగా అన్నాను. "బాపూ, మూత వదులుగ పెడత. గట్లనే పోనీ."

"ఏమంటాందిరా పిల్ల?" అంది అవ్వ.

"ఆగవ్వా, సూద్దాం," అన్నాడు ఇద్రీస్.

కోస్గి దాకా బండి ఎక్కడా ఆగలేదు. షెడ్డు దగ్గర ఇద్రీస్ మూత తీసి తిప్పి చూశాడు. "దీనికి గాలి పోయే సిల్లి ఉండాలె. లోపలికి గాలి పోకుంటే పెట్రోలు ఇంజనుకు రాదు. ఏది?"

నా చున్నీ పిన్నీసు తీసి మూత మీద గీకాను. పసుపు గడ్డ రాలి అరచేతిలో పడింది. గబుక్కున పిడికిలి మూశాను.

"ఏందే అది?"

"దుమ్ము, అవ్వా."

అవ్వ నా వేళ్ళు విప్పింది. "దుమ్ము పచ్చగుంటదా?" "అయ్యో కొడకా, నేనే నీ బండిని ఆపిన్నా?"

బాపు ఆమె భుజం పట్టుకున్నాడు. "నువ్వేం జేస్తవమ్మా? నా మంచి కోసమే పెడితివి."

"మూత గూడ ముత్తైదువే అనుకున్నవా అవ్వా?" అన్నాడు ఇద్రీస్. అవ్వ కళ్ళు తుడుచుకుంటూనే, "పోరా!" అని అతని వీపు మీద ఒకటి వేసింది.

ఇద్రీస్ బండిలోంచి తాళంచెవి తీసి బాపు చేతిలో పెట్టాడు. బాపు పక్కకు పోయి ఫోను తీశాడు.

"సేటూ, లారీకి ఇంకొకల్ని సూసుకోండ్రి. నేను వస్తలేను."

అవతల సేటు ఏదో అరుస్తున్నాడు. బాపు వింటూ నిలబడ్డాడు, కానీ మాట మార్చలేదు.