మూడు కూతల మిషను

చిన్నికి గోధుమలో ఉండే గ్లూటెన్ పడదని డాక్టరు తేల్చిన రోజు నుంచి వాళ్ల తాతయ్య బసవపున్నయ్యగారు బాల్కనీలో దొంగతిండి తింటున్నారు. నాలుగింటి టీతో బ్రెడ్డూ జామూ పడకపోతే ఆయనకు పొద్దు గడవదు. ఏడేళ్ల మనవరాలి ఎదుట తినడానికి మనసొప్పక, తలుపు గడియ వేసుకుని, పేపరు అడ్డం పెట్టుకుని మరీ తింటారు. చిన్ని తలుపు అద్దానికి ముక్కు ఆనించి చూస్తుంటుంది. అది చూసినప్పుడల్లా నానమ్మ మాణిక్యమ్మకు కడుపు తరుక్కుపోయేది. మొగుడి మీద ఒళ్లు మండేది కూడా.

“బియ్యప్పిండితో ఇంట్లోనే బ్రెడ్డు చేసుకోవచ్చు అత్తయ్యా, దానికి మిషనుంది,” అంది కోడలు అక్షయ.

ఆదివారం ఇద్దరూ పటమటలో ఆటో ఎక్కి గవర్నర్‌పేటలో కరెంటు సామాన్ల షాపుకి వెళ్లారు. గ్లూటెన్ లేని బ్రెడ్డుకి వేరే బటన్ ఉందా, గ్యారంటీ ఎన్నేళ్లు అని అక్షయ ఆరాలు తీస్తుంటే, మాణిక్యమ్మ అసలు సంగతి అడిగింది.

“ఎన్ని కూతలకి దింపాలయ్యా?”

సేల్స్‌మన్ బుర్ర గోక్కున్నాడు. “ఈ నల్లది కూయదండి. అయిపోయాక ఫోనుకి మెసేజ్ వస్తుంది.”

“నోరు లేని వస్తువుని నమ్ముకుని వంటెట్టా చేసేది?”

“అయితే ఈ తెల్లది చూడండి. మూడుసార్లు కీ కీ కీ అంటుంది.”

“మా కుక్కరు పప్పుకి కూసినట్టే! ఇదే ప్యాక్ చెయ్యి.”

తెల్లదానికీ ఆ బటన్ ఉంది కాబట్టి అక్షయ డబ్బు కట్టేసింది.

సోమవారం అక్షయ బియ్యప్పిండి, జొన్నపిండి, ఈస్టు కొలిచిపెట్టింది. పిండికి జిగురు రావాలంటే ఇసబ్‌గోల్ కలపాలట. మామగారు సుఖవిరేచనానికి రోజూ తాగే డబ్బా సగం ఖాళీ అయింది. “ఒంటిగంటకి నీళ్లు పోసి బటన్ నొక్కండత్తయ్యా, మూడు గంటల్లో అవుతుంది,” అని చెప్పి ఆఫీసుకి వెళ్లింది. బడికి వెళ్లే చిన్నికి మాణిక్యమ్మ ఒట్టేసి మరీ చెప్పింది, సాయంత్రం వచ్చేసరికి వేడివేడి బ్రెడ్డు చేతిలో పెడతానని.

ఒంటిగంటకి నొక్కింది. అరగంట తిరక్కుండానే మిషను కీ కీ కీ అంది. మూడు కూతలూ వేళ్ల మీద లెక్కపెట్టి, టక్కున స్విచ్చి కట్టేసి, మాణిక్యమ్మ హాయిగా పడుకుంది.

మూడింటికి మూత తీస్తే లోపల పచ్చిపిండి! బెజవాడ ఉక్కకి పొంగి అంచులదాకా వచ్చింది.

“ఏవండీ, మిషను మోసం చేసింది!”

“ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికెవరో,” అంటూ పున్నయ్యగారు మిషనుతో వచ్చిన పుస్తకం తిరగేశారు. “ఆ కూతలు జీడిపప్పో గింజలో వేసుకోమని, మాణిక్యం. దింపమని కాదు. మళ్లీ మొదట్నుంచి పెడితే ఇంకో మూడు గంటలు.”

ఇంకో గంటలో పిల్ల వచ్చేస్తుంది. వేసిన ఒట్టు ఏం కాను? మాణిక్యమ్మకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇనప మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనె పోసి, పిండిని దిబ్బరొట్టెలా మందంగా పరిచి, మూత పెట్టి సెగ తగ్గించింది.

చిన్ని వచ్చేసరికి ఇల్లంతా కమ్మటి వాసన. రొట్టె అడుగున ఎర్రగా కాలి, లోపల దూదిలా ఉంది. జాము రాసిన ముక్క కొరికి చిన్ని కళ్లు మూసుకుంది.

“నానమ్మా, ఇదంతా నాకేనా?”

“అంతా నీకే తల్లీ.”

పున్నయ్యగారు తన బ్రెడ్డు పక్కన పెట్టేసి వచ్చారు. “అమ్మలూ, తాతకి ఒక్క ముక్క పెట్టవూ?”

చిన్ని పళ్లెం పట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తింది. గడియ వేసుకుంది. పేపరు అడ్డం పెట్టుకుంది. డెబ్భై ఏళ్ల పున్నయ్యగారు అద్దానికి ముక్కు ఆనించి గుటకలు మింగుతుంటే, మాణిక్యమ్మకు తినకుండానే కడుపు నిండిపోయింది.

“మాణిక్యం, నువ్వన్నా చెప్పవే!”

“మూడు కూతలు కూయండి,” అంది మాణిక్యమ్మ. “అప్పుడు చూద్దాం.”