రొట్టెతో రుద్దిన ఎండ

ఆ ఏడు తివోలి అనే కొండ ఊళ్ళో తిండికి కరువొచ్చింది గాని, కూలిన గుడి బొమ్మ గీసుకునే దొరలకు కరువు రాలేదు. లోయ అంచున కప్పు లేకుండా నిలబడ్డ ఆ గుండ్రటి గుడి కోసం సముద్రాలు దాటి వచ్చేవారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని, నున్‌జియాతా తన మేడగదిని క్రాడక్ అనే ఇంగ్లీషు దొరకు అద్దెకిచ్చింది.

వచ్చిన మర్నాడే దొర ఆ ఊరి మాటల్లోనే, "రొట్టెలో మెత్తటిదే కావాలి. పైన గట్టి పెచ్చు వద్దు," అన్నాడు. పాపం, ఈ వయసుకే పళ్ళు ఊడాయి కాబోలని నున్‌జియాతా జాలిపడింది.

ఇంట్లో రోజుకి ఒకటే రొట్టె. నోట్లో ఒక్క పన్ను లేని ఆమె తల్లి ఓర్సోలా తినగలిగేది ఆ మెత్తటి భాగమే. అది మేడ మీదికి పోయాక ముసలామెకి పెచ్చులు నీళ్ళలో నానబెట్టి పెట్టేది. నానినా అవి చిగుళ్ళకి గుచ్చుకుని రక్తం వచ్చేది. "ఇంటికొచ్చినవాడు ముందు తినాలిలేవే," అనేది తల్లి. పదిరోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి.

ఒక మధ్యాహ్నం నున్‌జియాతా నీళ్ళకుండతో మేడెక్కింది. దొర రొట్టెను ఉండలు చేసి, తడిరంగు మీద రుద్ది, మురికి ఉండల్ని నేల మీదికి విసురుతున్నాడు.

"చూడు చూడు! రొట్టెతో రుద్దితే రంగు లేచిపోయి కాగితం తెల్లగా బయటపడుతుంది. అదే స్తంభాల మీద ఎండ!" అన్నాడు మురిసిపోతూ.

"మీరు తినడం లేదా?"

"తినడమా? నేను సత్రంలో భోంచేస్తాగా. మాంసం బాగా వండుతారు."

నున్‌జియాతాకి అరికాలిమంట నెత్తికెక్కింది. మీరూ గీరూ ఎగిరిపోయాయి.

"కింద పడ్డ రొట్టెని తీసి ముద్దుపెట్టుకోవాలని మా ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. వంగు! ఒక్కొక్కటీ ఏరి ముద్దుపెట్టుకో!"

దొర నవ్వాడు. "ముక్కలే కదా, కోపమెందుకు? కావాలంటే నిన్నూ బొమ్మలో పెడతాను. గుడి మెట్ల మీద, కుండతో."

"నా బొమ్మ ఎవడిక్కావాలి? మా అమ్మ నోటికాడ కూడు తీసుకొచ్చి రాళ్ళకి మేపావు కదరా! పళ్ళు లేవనుకున్నాను. నీకు లేనిది సిగ్గు!"

కేకలు విని ఓర్సోలా గోడ పట్టుకుని పైకొచ్చింది. ఆమెకి చూపు సరిగా ఆనదు. "రొట్టె పడిందా? అయ్యో, పాపం చుట్టుకుంటుందే," అంటూ మోకాళ్ళ మీద కూర్చుని నేల తడిమింది. ఒక ఉండ చేతికి తగిలింది. కళ్ళకద్దుకుంది, ముద్దుపెట్టుకుంది, నోట్లో వేసుకుంది.

"వద్దు! రంగుంది అందులో!" దొర అరిచాడు.

ముసలామె మింగేసింది. "మెత్తగా ఉందే," అంది. "ఇంకా ఉన్నాయా?"

నున్‌జియాతా కుండెడు నీళ్ళూ ఆ బొమ్మ మీద కుమ్మరించింది. గుడీ, ఎండా, లోయా కలిసి బల్ల అంచు నుంచి బురదలా కారాయి.

"ఇప్పుడు రుద్దుకో," అంది.

దొర లబోదిబోమంటూ కాగితం కోసం ఉరికాడు. ఆ తొందరలో ముసలామె వేళ్ళ పక్కనున్న ఉండని తొక్కేశాడు. ఓర్సోలా దాన్ని గోటితో గీకి తీస్తూనే ఉంది.