జులైలో ఖాళీ

పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో మా ఆయన జ్ఞానప్రకాశమూ నేనూ కలిసి చేసిన పెద్ద ప్రయాణం విశాఖపట్నం. అదీ ఆయన కంటి ఆపరేషన్‌కి. నేను టెక్కలిలో సోషల్ టీచర్ని. నాకు సెలవులిచ్చేది ఎండాకాలం. ఆయనకి నౌపడలో ఉప్పు మడులు. ఉప్పు పండేదీ ఎండాకాలమే. వానలు పడి మడులు మునిగి ఆయన ఇంటి పట్టున కూర్చునే వేళకి నాకు బడి తెరిచేవారు. ఇక కలిసి వెళ్ళేదెప్పుడు?

పోయినేడాది నేను రిటైరయ్యాను. విశాఖలో ట్రావెల్ ఆఫీసులో పనిచేసే మా అమ్మాయి బ్లెస్సీ, ఫ్రాన్స్‌లో లువార్ నది వైపు ఊళ్ళ వివరాలు పంపింది. కోటలు, సముద్రం, ద్రాక్షతోటలు. ఫ్రెంచి విప్లవం పాఠం ఎన్నేళ్ళు చెప్పానో! ఒక్కసారైనా ఆ నేల మీద నడవొద్దూ? కొత్త నోట్‌బుక్ తీసి రాసుకున్నాను. మొదటి రోజు నాంత్ కోట. రెండో రోజు పదిహేడు బురుజుల అంజే కోట. మూడో రోజు సముద్రం. నాలుగో రోజు ద్రాక్షతోటలు. పైన బయలుదేరే తేదీ వేశాను, ఏప్రిల్ ఇరవై ఐదు.

అన్నం తింటూ అది చూసిన మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏటి టీచరమ్మా, ఏప్రిల్లోనా? ఉప్పు తీసే రోజుల్లో నానెలాగొత్తాను? నువ్వూ బ్లెస్సీ ఎల్లొచ్చీండి."

నాకు ఒళ్ళు మండింది. "మీరు పెల్లాడింది నన్నా, ఉప్పునా?" అనేశాను.

పైకి కోపమే గానీ లోపల భయం. బ్లెస్సీతో అయితే నేనెప్పుడైనా వెళ్ళగలను. నాకు కావలసింది ఆయన. ఆయనకి అరవై నాలుగు దాటాయి. ఈసారీ కుదరకపోతే ఇంకెప్పటికీ కుదరదని నాకు గట్టిగా తెలుసు.

నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆదివారం చర్చిలో కూడా ఆయన అటు, నేను ఇటు. మధ్యాహ్నానికి బ్లెస్సీ వచ్చి, మా ముఖాలు చూసి, ఏమీ అడక్కుండా ఫోన్‌లో ఆ ఊళ్ళ ఫొటోలు చూపించడం మొదలుపెట్టింది. కోటలు వచ్చినంతసేపూ ఆయన కిటికీ వైపే చూశారు.

ఉన్నట్టుండి ఫోన్ లాక్కున్నారు. "ఇదేటిది? ఇవి మడులు కావా?"

మట్టి గట్లు, నలుచదరపు మడులు, పొడుగాటి కర్రతో ఉప్పు లాగుతున్న మనిషి.

"గెరాండ్ అని, నాన్నా. అమ్మ మూడో రోజు రాసిన సముద్రం పక్కనే."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఆడి కర్ర సూడే, మనదానికంటే బారుగుంది! ఆల్లు ఎప్పుడు తీత్తారు ఉప్పు?"

బ్లెస్సీ చదివి చెప్పింది. "జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఏప్రిల్లో వెళ్తే మడులు బాగుచేసుకుంటూ ఉంటారట."

ఆయన వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టారు.

"జులైలో అయితే నాను కాలీయే గదా," అన్నారాయన మెల్లగా.

నేనూ ఖాళీయే! అప్పటికి గాని నాకు తట్టలేదు. ఏప్రిల్ ఇరవై ఐదంటే మా బడికి సెలవులిచ్చే రోజులు. రిటైరయ్యి ఏడాదైనా నా బుర్ర ఇంకా వేసవి సెలవుల కోసమే కాచుకుని ఉంది. ఇన్నాళ్ళూ ఉప్పుని ఆడిపోసుకున్నాను గానీ ఈసారి అడ్డం పడింది నా బడిగంటే. ఆ మాట ఆయనతో చెప్పేశాను. ఆయన పగలబడి నవ్వారు.

ఆ వెంటనే బేరం మొదలైంది. కోటలు ఒక రోజు చాలన్నారు, మడులకి మూడు కావాలన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి! నేను ఒక్కటంటే ఒక్కటే అన్నాను. ద్రాక్షతోటలంటే వైను గుర్తొచ్చి బెదిరారు.

"తాటిసెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. చర్చి సంఘంలో తెలిస్తే?"

"రోడ్డు మీంచే సూద్దాం లెండి," అన్నాను.

నోట్‌బుక్‌లో ఏప్రిల్ కొట్టేసి తన చేత్తోనే జులై అని రాశారు. రాసి, నా వైపు తిరిగారు.

"ఆడు ఉప్పు లాగుతుంటే నాను ఒడ్డున ఊరికే నిలబడి ఏటి సెయ్యాలి, దీనా?"

ఆయన నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో.

"నా పక్కన నిలబడండి. సాలు."

"అదీ ఒక పనేనా?" అన్నారు గానీ, తల వంచుకుని ఏదో రాశారు. ఆయన లేచి వెళ్ళాక చూశాను. మూడో రోజు కింద వంకర అక్షరాలతో ఉంది: 'ఉప్పు మడులు. పని లేదు. దీనా పక్కన నిలబడాలి.'