భాగీరథమ్మ కుర్చీ

కిరణ్మయితో కలిసి పెళ్ళికి వెళ్ళడమంత నరకం ఇంకోటి లేదని ఆమె స్నేహితురాలు ఫర్హానా అంటుంటుంది. అందరూ అక్షింతలు పట్టుకుని వధూవరులను చూస్తుంటే, ఈవిడగారు మెడ పైకెత్తి మండపం వెడల్పెంత, పైన లైట్లెన్ని, వాటిని మోస్తున్న ఇనప చట్రం ఏపాటిది అని లెక్కలు కడుతుంది. తప్పు ఆమెది కాదు, ఉద్యోగానిది. బెంగళూరులో ఒక ఈవెంట్ కంపెనీలో ఆమె ఎస్టిమేటర్. ఎవరైనా కచేరీ చేయాలనో, వార్షికోత్సవం జరపాలనో వస్తే, స్టేజి ఎంత కావాలి, సౌండు ఎంత, జనరేటర్లెన్ని, మనుషులెందరు, మొత్తం కలిపి ఎంతవుతుంది అని ముందుగానే కట్టి చూపించడం ఆమె పని. ఒంగోలు నుంచి వచ్చిన కొత్తలో భయంభయంగా చేసేది. ఇప్పుడు ఆమె లెక్క వేసిందంటే వేసినట్లే. "కిరణ్ అంచనా తప్పిన రోజు సూర్యుడు కూడా లేటుగా వస్తాడు" అని బాస్ అభిజిత్ క్లయింట్ల ముందు గొప్పలు పోతుంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా కిరణ్మయి పైకి మొహమాటపడేది గానీ, లోపల మాత్రం నిజమే కదా అనుకునేది. అదిగో, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆనేకల్ అవతల ఒక ఊళ్ళో ఏటా ఊరహబ్బ జరుగుతుంది. ఊరివాళ్ళు తరతరాలుగా తెలుగే మాట్లాడుతున్నా పండగను మాత్రం హబ్బ అనే అంటారు. ఆఖరి రోజు సాయంత్రం హైస్కూలు మైదానంలో పాటల కచేరీ. కమిటీ అధ్యక్షుడు పెద్దమునియప్ప ఎలక్ట్రానిక్ సిటీలో ఏదో కంపెనీ ఫంక్షనుకు వెళ్ళి, స్టేజి వెనక గోడంత వీడియో తెర చూసి వచ్చాడు. ఈసారి హబ్బకు యాభయ్యో ఏడు, మనకూ అట్లాంటిది పడాల్సిందేనని పట్టుబట్టాడు. అలా ఆ పని కిరణ్మయి బల్ల మీదికి చేరింది. ఆమె ఊరికి వెళ్ళి మైదానం కొలిచింది, కరెంటు స్తంభం ఎంత దూరమో చూసింది, వాన పడితే నీళ్ళు ఎటు పోతాయో కూడా చూసింది. ఆఖరున పెద్దమునియప్పను అడిగింది.

"స్టేజి మీద ఎంతమంది ఉంటారండీ?"

"పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు అంతా కలిపి ఎనిమిది మందమ్మా" అన్నాడాయన.

ఎనిమిది మందికి, వాళ్ళ వాయిద్యాలకు సరిపడే స్టేజి రాసింది. పొదుపుగా, ముచ్చటగా కుదిరిందని తనను తానే మెచ్చుకుంది కూడా.

కచేరీ రోజు ఆదివారం పడింది. అదే రోజు దేవనహళ్ళిలో ఒక పెద్ద ఐటీ కంపెనీ సంబరం ఉండటంతో అభిజిత్ మందీమార్బలంతో అక్కడికి వెళ్ళాడు. "ఇది చిన్న షో. నీకు దగ్గరే కదా, నువ్వే వెళ్ళి నిలబడు" అని కిరణ్మయికి అప్పజెప్పాడు. ఆమె పొద్దున్నే మైదానానికి చేరేసరికి స్టేజి లేచి ఉంది. స్టేజి మేస్త్రి రామాంజి వెనకాల తెర బిగిస్తున్నాడు. పెద్దమునియప్ప ఎదురొచ్చి, వద్దంటున్నా వినకుండా చిత్రాన్నం పెట్టించాడు. కిరణ్మయి రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. దాని నిండా ఎర్ర కుర్చీలు. నలుగురు మనుషులు వాటిని దించి తిన్నగా స్టేజి మీదికి మోయడం మొదలుపెట్టారు.

"అవి కింద వెయ్యాలి కదండీ" అంది కిరణ్మయి.

"కిందివి వేరే వస్తా ఉండాయి. ఇవి గణ్యులకు" అన్నాడు పెద్దమునియప్ప.

"గణ్యులంటే?"

ఆయన ఆమెను వింతగా చూశాడు. తెలియకపోవడానికి ఇదేమైనా పరభాషా అన్నట్లుంది ఆ చూపు. "పెద్దమనుషులమ్మా. మాజీ అధ్యక్షులు, పంచాయతీ మెంబర్లు, పాల డైరీ డైరెక్టర్లు, చందా ఎక్కువిచ్చినోళ్ళు. అందురూ పైన కూకుంటారు. శాలువా కప్పించుకుంటారు. పాట అయిందాకా ఆడ్నే ఉంటారు."

"ఎంతమంది?"

"ఈసారి తక్కువే. అరవై మంది ఉంటారేమో."

కిరణ్మయి చిత్రాన్నం పక్కన పెట్టేసింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. కిరణ్మయి అడిగింది, కాకపోతే అడగవలసింది అడగలేదు. స్టేజి మీద ఎంతమంది అంటే ఆమె దృష్టిలో కచేరీ చేసేవాళ్ళు. ఆయన దృష్టిలోనూ కచేరీ చేసేవాళ్ళే. గణ్యుల్ని లెక్కపెట్టి చెప్పాలని ఆయనకు తోచలేదు, పందిరికి గుంజలుంటాయని ఎవరైనా విడిగా చెబుతారా? మైదానం కొలిచిన మనిషి, వాన నీళ్ళు ఎటు పోతాయో చూసిన మనిషి, ఊరిని మాత్రం చూడలేదు.

రామాంజి స్టేజి నడుమ నిలబడి ఒకసారి ఎగిరాడు. చెక్కలు కిర్రుమన్నాయి. "అరవై మంది ఎక్కితే మనం స్టేజి విప్పే పని ఉండదు మేడం, అదే విప్పుకుంటాది" అన్నాడు నవ్వకుండా.

కిరణ్మయి అభిజిత్‌కు ఫోన్ చేసింది. స్టేజి పెంచుదామంటే కంపెనీకి ఉన్న ఇనప కాళ్ళు, పలకలు అన్నీ దేవనహళ్ళిలో పరిచేశారు. ఆయన చెప్పినదల్లా ఒకటే: "ఎనిమిది మందికి కట్టాం. ఎనిమిది మందే ఎక్కాలి. ఒక్క కుర్చీ కూడా పైన పడటానికి వీల్లేదు."

ఆమె మళ్ళీ లెక్క వేసింది. వాయిద్యగాళ్ళు కాక ఇంకో నలుగురైదుగురిని స్టేజి నిక్షేపంగా మోస్తుంది. కానీ నలుగురిని ఎక్కిస్తే మిగతా యాభై ఆరు మంది అలుగుతారు. ఆ అలకలు మోసే స్టేజి ఇంతవరకు ఎవరూ కట్టలేదు.

నోట్లో వెలక్కాయ పడినట్లయి ఆమె అలా నిలబడి ఉంటే, వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. డెబ్బై దాటిన మనిషి. తెల్లటి ముడి, ముక్కుకు రెండు వైపులా పుడకలు, ఇంకా మడత విప్పని కొత్త పట్టుచీర చంకలో. పెద్దమునియప్ప వదిన, భాగీరథమ్మ.

"అమ్మా, దీంట్లో నాది ఏ కుర్చీ?" అని అడిగింది.

"మీదా?"

"నాకూ ఒకటి వేస్తా ఉండారు ఈ ఏడు. మూడో వరస, కొసన అని మునియప్ప చెప్పినాడు. కొసనైతే ఏమి, పైన కదా."

మాటల్లో మాటగా కిరణ్మయికి సంగతి తెలిసింది. హబ్బ మొదలైన నాటి నుంచీ ఇంటింటికీ తిరిగి చందా పోగు చేసేది ఈవిడే. ఎండలో కాళ్ళు బొబ్బలెక్కినా, కుక్కలు వెంటబడినా, లేదు పొమ్మన్న గడపకు మళ్ళీ మళ్ళీ వెళ్ళి నవ్వించి తెచ్చేది ఈవిడే. శాలువాలు మాత్రం ఏటా మగవాళ్ళ భుజాల మీద పడేవి. ఆడవాళ్ళంతా పక్కన చాపల మీద కూర్చునేవారు. యాభయ్యో ఏడు కదా అని కమిటీ ఈసారి పెద్దమనసు చేసి ఒక కుర్చీ ఇచ్చింది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా స్టేజి ఎక్కలేదా అమ్మా?"

"ఎందుకెక్కలేదు, ఏటా ఎక్కుతా ఉంటి" అంది భాగీరథమ్మ. "పొద్దున ఊడ్చేదానికి."

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉన్నదున్నట్లు చెప్పి, చీర నలగకుండా సర్దుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. కిరణ్మయి మాత్రం అక్కడే ఒకటి తేల్చుకుంది. తన తప్పుడు అంచనా వల్ల అరవై మంది మీసాలు వాడితే వాడనీ, అది ఎలాగో సర్దుకోవచ్చు. ఈ ముసలామె కుర్చీ పోతే మాత్రం తనను తాను క్షమించుకోలేదు.

ముందు నిజం చెప్పేయాలని పెద్దమునియప్ప దగ్గరికి వెళ్ళింది. తప్పు నాదే, స్టేజి అంత బరువు మోయలేదు అని చెప్పింది.

ఆయన నెత్తి పట్టుకున్నాడు. "కిందికి దిగమంటే ఊర్లో నేను తలకాయ ఎత్తుకోలేనమ్మా. పోయినేడు చెన్నరాయప్పకు రెండో వరసలో కుర్చీ వేసినామని ఆరు నెలలు మాట్లాడలేదు. స్వల్ప అడ్జస్ట్ చేసుకోమ్మా."

"నేను చేసుకుంటానండీ. స్టేజి చేసుకోదు."

అంతలో రామాంజి తెర వెలిగించాడు. స్టేజి అంచున పెట్టిన కెమెరాను జనం వైపు తిప్పి సరిచూస్తున్నాడు. సరిగ్గా ఆ వేళకే పాల డైరీ అధ్యక్షుడు చెన్నరాయప్ప తన కుర్చీ ఏ వరసలో ఉందో కనుక్కుందామని అటు వచ్చాడు. తల ఎత్తేసరికి ఎదురుగా తెర మీద ఇంటెత్తున తన మొహం. ఆయన ఆగిపోయాడు. ఎడమ మీసం దువ్వుకున్నాడు. తెర మీది ఆయనా దువ్వుకున్నాడు. మెల్లగా పక్కకు తిరిగి, అటు నుంచి ఎలా ఉంటుందో చూసుకున్నాడు. కుర్చీ మాట మరిచేపోయాడు. ఇంకెవరో వచ్చి ఆయన పక్కన దూరారు, మరొకరు వచ్చి వాళ్ళను నెట్టారు. క్షణాల్లో అక్కడ సంతలా అయింది.

కిరణ్మయి బుర్రలోనూ దీపం వెలిగింది. కాగల కార్యం గంధర్వులు తీర్చడమంటే ఇదే.

"పెద్దయ్యా, ఈ కెమెరా పైనుంచి కిందికే చూస్తుంది" అంది తీరిగ్గా. "స్టేజి ముందు కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే తెర మీద పడతారు. కింద పేరు కూడా వేయిస్తాను. శాలువా కప్పేది కూడా కెమెరా ముందే పెట్టుకుందాం."

"పైన కూకున్నోళ్ళు?"

"పాడేవాళ్ళ వెనక ఉంటారు కదండీ. కింద జనానికి మోకాళ్ళు కనబడితే కనబడొచ్చు."

పెద్దమునియప్ప కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత తనే కెమెరా ముందుకు నడిచి, తెర మీద తన తలపాగా ఎలా ఉందో చూసుకున్నాడు. ఇక ఆమె మాట్లాడవలసిన పని లేకపోయింది. పైన కూర్చుంటే మోకాళ్ళే అన్న వార్త ఊరంతా తిరిగిరావడానికి ఎంతోసేపు పట్టలేదు. మధ్యాహ్నానికల్లా గణ్యులు ఎవరి కుర్చీ వాళ్ళే స్టేజి మీది నుంచి దించుకుంటున్నారు. రెండో వరస కూడా తెర మీద పడుతుందా అని ఇద్దరు కిరణ్మయిని చాటుగా అడిగి వెళ్ళారు. చెన్నరాయప్ప మంగలి దగ్గరికి పరిగెత్తాడు.

"వదినకూ ముందు వరసలోనే వేయిస్తాలే" అన్నాడు పెద్దమునియప్ప ఉదారంగా.

ఆ కబురు చెప్పడానికి కిరణ్మయే భాగీరథమ్మ ఇంటికి వెళ్ళింది. ఆమె అరుగు మీద కూర్చుని అద్దంలో చూసుకుంటూ బొట్టు పెట్టుకుంటోంది. కొత్త చీర కట్టేసింది. కిరణ్మయి అంతా విడమరిచి చెప్పింది: కింద కూర్చుంటే మొహం ఎంత పెద్దగా కనబడుతుందో, పేరెలా పడుతుందో.

భాగీరథమ్మ ఓపికగా విని, అద్దం పక్కన పెట్టింది.

"నా మొహం అందురూ చూసిందేనమ్మా. ప్రతి గడపలో నిలబడి చూపించినా కదా. నాకు కనబడే పని లేదు. పైన కూకోని నేను వాళ్ళను చూడాల అనుకుంటి." అద్దం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "కాదంటే పోనీలే. కిందనే కూకుంటా. నీకు తొందరలు, తిప్పలు పెట్టను."

కిరణ్మయి మైదానానికి వచ్చి, స్టేజి కింద దూరి ప్రతి కాలునూ చేత్తో కదిపి చూసింది. తర్వాత అభిజిత్‌కు ఫోన్ చేసింది.

"పైన ఒక కుర్చీ వేస్తున్నాను."

"వద్దని చెప్పాను కదా కిరణ్."

"చెప్పారు. ఎనిమిది మందని రాసి తప్పు చేసింది నేనే. ఇప్పుడు కాళ్ళన్నీ చూసి వచ్చాను, ఒక మనిషిని స్టేజి హాయిగా మోస్తుంది. ఏదైనా అయితే నా పేరు చెప్పండి."

"ఒక్కటేనా?" అన్నాడు అభిజిత్.

"ఒక్కటే."

సాయంత్రానికి మైదానం నిండిపోయింది. ముందు వరసల్లో గణ్యులు మెడలు నిక్కించి కూర్చున్నారు. తెర వెలగగానే ఒక్కో మొహం వచ్చి పోతోంది, కింద పేరు పడుతోంది, వెనక నుంచి వాళ్ళ వాళ్ళు కేకలు వేస్తున్నారు. చెన్నరాయప్ప మొహం వచ్చినప్పుడు ఆయన రెప్ప కూడా వేయలేదు. పెద్దమునియప్ప శాలువా కప్పించుకుని, తెర మీద తనను తాను చూసుకుంటూ దానికే నమస్కారం పెట్టాడు.

అప్పుడు కిరణ్మయి భాగీరథమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. కుర్చీ మూడో వరసలో లేదు, కొసనా లేదు. వరసలే లేవు. పాటగాళ్ళకు కాస్త పక్కగా, అందరికీ ముందు, ఒకే ఒక్క ఎర్ర కుర్చీ. భాగీరథమ్మ దాన్ని చూసి, ఇంకెవరికైనా వేశారేమోనని వెనక్కి చూసింది. తర్వాత కూర్చుంది.

తెర మీది తనను వదిలి పెద్దమునియప్ప కళ్ళు అప్పుడు స్టేజి మీదికి వెళ్ళాయి. తామంతా కింద ఉన్నామని, పైన భాగీరథమ్మ ఒక్కతే ఉందని గణ్యులందరికీ ఒక్కసారే తెలిసింది. అనడానికి ఏముంది, కుర్చీలు ఎవరికి వారే మోసుకుని దిగారు. పక్కన చాపల మీద ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆ చప్పట్లు ఆగేదాకా పాటగాళ్ళు కాచుకుని ఉండాల్సి వచ్చింది. ముందు వరసలో మొట్టమొదట లేచి చప్పట్లు కొట్టింది చెన్నరాయప్పే.

భాగీరథమ్మ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మెల్లగా చూసింది. చాపలు, కుర్చీలు, గోడెక్కిన పిల్లలు, దూరాన బండ్ల మీద నిలబడ్డవాళ్ళు. పెదాలు కదులుతున్నాయి. పేర్లు చెప్పుకుంటోందని కిరణ్మయికి అర్థమైంది. కాసేపటికి ఆమె కిరణ్మయి కొంగు పట్టి కిందికి లాగి, చెవి దగ్గర అంది.

"ఇండ్లల్లో ఒక్కొక్కరే ఉంటారు కదమ్మా. ఇంతమంది ఉండామని నాకు తెలీదు."