తగ్గించాలి

మా నాన్నా తమ్ముడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటూ, మంచినీళ్లు కావాలన్నా నాతోనే అడిగించేవాళ్లు. "వాడికి ఉప్పు సరిపోయిందేమో అడుగమ్మా" అని ఆయన. "సరిపోయిందని చెప్పక్కా" అని వీడు. మధ్యలో నేను. ఇద్దరికీ చెవులున్నాయి, నోళ్లున్నాయి, బుద్ధే లేదు.

గొడవంతా అమ్మ కారు గురించి. పాతకాలం బండి, వెనక కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేంత చిన్నది. అమ్మ దాన్ని బుడంకాయ అనేది. ఆవిడ పోయాక తమ్ముడు వేగం కోసం దానికి టర్బో పెడతానని, చోటు చాలక బానెట్టు కోసేశాడు. నాన్న వచ్చి చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి వాడితో ఇంకే మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

తమ్ముడు వేరేచోట గ్యారేజీలో మెకానిక్కు. నాన్నకి మా ఇంటి వెనకే షెడ్డు ఉంది, ఇంజనుకి మూతల్లా ఉండే హెడ్లు మిషను మీద పెట్టి చెక్కుతాడు. ఇప్పుడు బుడంకాయ హెడ్డుకే పని పడింది.

"టర్బో గాలిని బలవంతంగా కూరుతుందక్కా. లోపల మునుపటి నొక్కుడే ఉంటే ఇంజను తట్టుకోలేదు, పేలిపోతుంది. అందుకని ఆ నొక్కుడు, అదే కంప్రెషన్, తగ్గించాలి. హెడ్డులో గుంటలు కాస్త లోతు చేస్తే చాలు." వంటగదిలో నా వెనకాలే తిరుగుతూ ఇదే పాట.

"నాకెందుకు చెప్తావు? వెళ్లి ఆయనతో చెప్పు."

"చేస్తే చేస్తాడు, లేకపోతే లేదు."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీడు అడగలేదు. హెడ్డు మీద సుద్దముక్కతో 'తగ్గించాలి' అని రాసి, నాన్న బల్ల మీద పెట్టి వచ్చాడు. పనికి సెలవు పెట్టి మరీ, ఆయన దాన్ని ముట్టుకుంటాడా లేదా అని కిటికీ దగ్గర కాపలా కాశాడు. వాడికి కావలసింది హెడ్డు కాదు, నాన్న. అది నాకు తెలుసు.

ముట్టుకున్నాడు. మర్నాడు పొద్దున హెడ్డు మా గుమ్మంలో ఉంది, నూనెగుడ్డలో పసిపిల్లని చుట్టినట్టు చుట్టి. అడుగుభాగం అద్దంలా ఉంది. గుంటల్లో మసంతా గీకి తళతళలాడించాడు. తమ్ముడు దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మామూలుగా అయితే గుంటల్లో నూనె పోసి, ఎంత పడుతుందో కొలిచి చూసుకోవాలి. చేతిలోకి సిరంజి తీసుకున్నాడు కూడా. మళ్లీ పక్కన పెట్టేశాడు.

"నాన్న పనికి నేను కొలతలు పెడతానా?" అన్నాడు.

ఇంజను బిగించాక, "ముందు నేనొక్కణ్ణే అలా తిప్పి చూసొస్తా. సాయంత్రం నాన్నని ఎక్కించుకుంటా. రమ్మని నేనే అడుగుతా" అని నవ్వుతూ వెళ్లాడు.

ఎత్తు రోడ్డు మీద సగం దూరంలో ఇంజను పగిలింది. కాలుతున్న పొగగొట్టం మీద నూనె పడి మంటలు లేచాయి. వెనక వస్తున్న లారీవాళ్లు వాణ్ణి బయటికి లాగారు. చేతులు కాలాయి. పొగ గొంతులోకి పోయింది. మాట వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు.

ఆసుపత్రి వరండాలో నాన్న గోడకానుకుని నిలబడ్డాడు.

"నేనేం తక్కువ చెయ్యలేదమ్మా. కారు పందేలవాళ్లకి తీసేదానికన్నా ఎక్కువే తీశాను. హెడ్డు అడుగు చెక్కి బాగా పలచన చేశాను. నా కొడుకు బండి కదా."

అప్పుడు వెలిగింది నాకు. ఆయన షెడ్డులో హెడ్డు మీద 'తగ్గించాలి' అని రాస్తే ఒకటే అర్థం, అడుగు చెక్కెయ్యమని. వేగం కావాలని వచ్చిన ప్రతివాడూ అదే మాట రాసి ఇచ్చేవాడు. అడుగు చెక్కితే గుంటలు చిన్నవవుతాయి, లోపల నొక్కుడు పెరుగుతుంది. వీడు తగ్గించమంది నొక్కుడుని. ఆయన తగ్గించింది హెడ్డుని. ఇంకొక్క మాట రాసినా సరిపోయేది. ఏం తగ్గించాలిరా అని ఒక్క మాట అడిగినా సరిపోయేది. వీళ్ల పంతాలు పాడుగాను.

లోపలికి పంపించారు. తమ్ముడి గొంతులో గొట్టం, చేతులకి మోచేతుల దాకా కట్లు. నాన్న మంచం పక్కన కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. దాచుకున్నదంతా వచ్చేసింది. అమ్మ బుడంకాయ నడపడం ఎలా నేర్చుకుందో చెప్పాడు, బానెట్టు కోత నీటుగానే కోశావురా అన్నాడు.

"అడుగు సరిగ్గా చదును కాలేదేమోరా. అక్కడ లీకై ఉంటుంది. తప్పు నాదే. ఈసారి ఇంకొంచెం ఎక్కువ తగ్గిస్తాను."

జరిగింది చెబుదామని నేను నోరు తెరిచాను. తమ్ముడు నా వైపు చూశాడు. నాన్న ఏది తగ్గించాడో వాడికి అర్థమైపోయింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తర్వాత నాన్న వైపు తిరిగి, అవునన్నట్టు ఊపాడు.

"చూశావా అమ్మా, వాడు సరేనంటున్నాడు" అన్నాడు నాన్న నాతో.

"అవును నాన్నా, సరేనంటున్నాడు" అన్నాను.